అడగడమూ ఒక విద్యే

అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదని సామెత. ఆకలిగొన్న పిల్లవాడు ఎట్లా అడిగినా తల్లికి అర్థమవుతుంది, ఏడ్చినా చాలు. విద్య విషయంలో అంత సులువు లేదు. తనకు తెలియనిది ఏమిటో కొంతవరకైనా తెలిసినవాడే దానిని గురించి ప్రశ్నించగలడు. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయడం నేర్చుకొనే విద్యార్థులకు ఈ చిక్కు దినదినమూ ఎదురవుతూ ఉంటుంది. వ్రాసిన ప్రోగ్రాము నడవదు. ఎందుకు నడవదో తెలియదు. ఎవరినైనా అడుగుదామంటే ఏమని అడగాలో తోచదు. ఈ మూడు ఇబ్బందులలో కడపటిదే పెద్దది. దానిని దాటే మార్గాన్ని, నిత్యం తటస్థించే కొన్ని సమస్యల ఆధారంగా, ఈ వ్యాసంలో వివరించదలచాను.

స్క్రిప్టింగ్ భాష అనగానేమి?

కంప్యూటరు యంత్రానికి నేరుగా అర్థమయ్యేది దాని సొంత సంకేతభాష ఒక్కటే. మనం వ్రాసిన వాక్యాలను ఎప్పటికప్పుడు చదివి, వాటి ప్రకారం యంత్రంచేత పని చేయించే దుబాసీ వంటి ప్రోగ్రాము తోడుగా ఉన్న భాషలను స్థూలంగా స్క్రిప్టింగ్ భాషలంటారు. వ్రాసిన వెంటనే నడిపి చూడవచ్చు. తప్పయితే దిద్ది మళ్ళీ నడపవచ్చు. 1987లో అమెరికాలో లారీ వాల్ వెలువరించిన పెర్ల్, 1991లో నెదర్లాండ్స్ దేశస్థుడైన గిడో వాన్ రోసమ్ వెలువరించిన పైథాన్ ఈ కోవలోనివే. పైథాన్ అన్న పేరు కొండచిలువను బట్టి వచ్చినది కాదు. బ్రిటిష్ టెలివిజన్‌లో ప్రసారమైన ఒక హాస్య ధారావాహిక పేరునుండి వచ్చినది. నేడు మన విద్యార్థులలో పెక్కుమంది మొదట నేర్చుకొనే భాష ఇదే కావున ఉదాహరణలన్నీ పైథాన్ నుండే తీసుకొంటున్నాను.

దోషాలు మూడు తెరగులు

ప్రోగ్రాములోని దోషాలను మూడు విధాలుగా విభజించవచ్చు. మొదటిది వ్యాకరణ దోషం. కుండలీకరణం మూయకపోయినా, నిబంధన వాక్యం చివర రెండు చుక్కలు పెట్టకపోయినా ప్రోగ్రాము అసలు మొదలే కాదు. రెండవది నడకలో బయటపడే దోషం. ప్రోగ్రాము మొదలవుతుంది, కొంతదూరం వెళ్ళి ఆగిపోతుంది. మూడవది మౌనదోషం. ప్రోగ్రాము ఆటంకం లేకుండా చివరివరకు నడుస్తుంది, జవాబు కూడా ఇస్తుంది. కాని ఆ జవాబు తప్పు.

కొత్తవారు మొదటి రెండింటికి భయపడి, మూడవది ఎదురైనప్పుడు సంతోషిస్తారు. నిజానికి భయపడవలసింది మూడవదానికే. ఆగిపోయిన ప్రోగ్రాము వ్రాసినవానిని మాత్రమే ఇబ్బంది పెడుతుంది. తప్పుడు జవాబిచ్చి మౌనంగా ముగిసిన ప్రోగ్రాము ఆ సంగతే ఎరుగని మరొకరికి అన్యాయం చేస్తుంది. అది ఎట్లాగో ముందు చూడగలరు.

యంత్రం ఇచ్చే వాఙ్మూలం

ప్రోగ్రాము ఆగిపోయినప్పుడు తెరమీద ఆంగ్లంలో కొన్ని పంక్తులు కనబడతాయి. దీనిని ట్రేస్‌బ్యాక్ అంటారు. తెలుగు, ఉర్దూ మాధ్యమాలలో చదివివచ్చిన విద్యార్థులు దానిని చూడగానే కంగారుపడి తుడిచివేయడం సాధారణం. అది చీవాట్లు కాదు, సాక్షి ఇచ్చే వాఙ్మూలం. ఏ ఫైలులో, ఎన్నవ పంక్తిలో, ఏ కారణాన పని ఆగిందో అందులో ఉంటుంది. పైథాన్‌లో దానిని క్రిందినుండి పైకి చదవాలి. చిట్టచివరి పంక్తిలో దోషం పేరు, దాని వివరణ ఉంటాయి. దానికి పైన, దోషం బయటపడిన పంక్తి ఉంటుంది.

ఆ సందేశాలలో మాటిమాటికి వచ్చే పేర్లు కొద్దివే. సింటాక్స్ ఎర్రర్ అంటే వ్యాకరణ దోషం. నేమ్ ఎర్రర్ అంటే ముందు పరిచయం చేయని పేరును వాడడం. అనేక పర్యాయాలు అది అక్షరదోషమే అయి ఉంటుంది. టైప్ ఎర్రర్ అంటే జాతి కలవని రెండు వస్తువులను ఒకే పనిలో కలపడం, అనగా అంకెకు మాటను కూడబోవడం వంటిది. వాల్యూ ఎర్రర్ అంటే జాతి సరిపోయినా విలువ పొసగకపోవడం. ఇండెక్స్ ఎర్రర్ అంటే పది పేర్ల జాబితాలో పదకొండవ పేరు అడగడం. ఇండెంటేషన్ ఎర్రర్ అంటే పంక్తుల ఎడమ అంచు సమంగా లేకపోవడం. పైథాన్‌లో ఆ ఖాళీ అలంకారం కాదు, వ్యాకరణమే. ఈ ఆరు పేర్లు తెలిసినవానికి ఆంగ్లం అంతగా రాకున్నా సందేశంలో సగం అర్థమవుతుంది. 2021లో వచ్చిన 3.10వ పైథాన్ నుండి ఈ సందేశాలు మరింత స్పష్టమైనవి. పేరు తప్పు వ్రాస్తే దానికి దగ్గరగా ఉన్న సరియైన పేరును కూడా సూచిస్తున్నవి.

ఇక్కడ మరొక హెచ్చరిక అవసరం. పాత పుస్తకాలలోని ప్రోగ్రాములను యథాతథంగా ఎక్కిస్తే కొన్ని మొదటి పంక్తిలోనే ఆగిపోతాయి. 2008లో వచ్చిన పైథాన్ 3లో ప్రింట్ అన్న ఆజ్ఞకు కుండలీకరణాలు తప్పనిసరి అయినవి; అంతకుముందు పద్ధతిలో అవి అక్కరలేదు. పైథాన్ 2కు నిర్వాహకుల మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. కావున తప్పు విద్యార్థిది కాక పుస్తకం వయస్సుది కూడా కావచ్చు.

నూటికంటె తొంభైఎనిమిది ఎక్కువైన వైనం

ఇక మౌనదోషాలకు వద్దాం. ఒక కళాశాలలో విద్యార్థివేతనం ఇవ్వడానికి అందరికంటె ఎక్కువ మార్కులు వచ్చినవారిని ఎంపిక చేయాలనుకొందాం. మార్కులు ఒక ఫైలులో ఉన్నవి: 35, 98, 100. విద్యార్థి ఒకడు ఫైలు చదివి గరిష్ఠాన్ని తేల్చే ప్రోగ్రాము వ్రాశాడు. దోష సందేశం ఏదీ రాలేదు. జవాబు 98 అని వచ్చింది.

యంత్రం పొరబడలేదు. ఫైలునుండి గాని, కీబోర్డునుండి ఇన్‌పుట్ అన్న ఆజ్ఞ ద్వారా గాని వచ్చినదంతా పైథాన్ దృష్టిలో అక్షరాల వరుసే, సంఖ్య కాదు. అక్షరాల వరుసలను అది నిఘంటువు పద్ధతిలో పోలుస్తుంది. నిఘంటువులో మాట పొడవును బట్టి కాక మొదటి అక్షరాన్ని బట్టి క్రమం ఏర్పడుతుంది. ఇక్కడ మొదటి గుర్తులు 3, 9, 1. వాటిలో 9 పెద్దది. కావున 98 పెద్దది. నూటికి నూరు తెచ్చుకొన్న విద్యార్థి ఈ లెక్కలో అందరికంటె క్రింద నిలుస్తాడు. ఐదును, ఏడును కూడితే పన్నెండుకు బదులు యాభైఏడు రావడం కూడా ఇటువంటిదే. రెండు అక్షరాలను ప్రక్కప్రక్కన అతికినదే తప్ప అది కూడిక కాదు.

చికిత్స చిన్నది. ఇంట్ అన్న ఆజ్ఞతో ప్రతి విలువను ముందుగా సంఖ్యగా మార్చాలి. గైర్హాజరైన విద్యార్థికి మార్కుకు బదులు ఏదైనా మాట వ్రాసి ఉంటే అప్పుడు వాల్యూ ఎర్రర్ వచ్చి ప్రోగ్రాము ఆగుతుంది. ఆగడమే మేలు, మౌనదోషం మాట్లాడే దోషంగా మారిందన్నమాట. ముచ్చట గొలిపే విశేషం మరొకటి ఉన్నది. తెలుగు అంకెలతో వ్రాసిన సంఖ్యను గాని, ఉర్దూ అంకెలతో వ్రాసిన సంఖ్యను గాని ఈ ఇంట్ ఆజ్ఞ ఆక్షేపణ లేకుండా స్వీకరిస్తుంది. పైథాన్ 3లో మనం పెట్టే పేర్లు కూడా తెలుగు లిపిలో ఉండవచ్చు. 'మార్కులు' అన్న పేరుకు ముప్పైఐదు విలువ ఇస్తే యంత్రానికి ఏ అభ్యంతరమూ లేదు.

జాబితాలో కనబడని సలీం

రెండవ ఉదాహరణ మన కళాశాల వంటి రెండు భాషల కళాశాలలకు మరింత దగ్గరైనది. దరఖాస్తుల జాబితా ఒకటి, హాజరు జాబితా ఒకటి ఉన్నవనుకొందాం. రెండింటిలోను ఉన్న పేర్లను ప్రోగ్రాము ఏరాలి. సలీం అనే విద్యార్థి పేరు రెండింటిలో కంటికి ఒకే తీరుగా కనబడుతున్నది. ప్రోగ్రాము మాత్రం ఆ పేరు రెండవ జాబితాలో లేదంటుంది.

దీనికి కారణాలు పలువిధాలు. ఫైలునుండి చదివిన ప్రతి పంక్తి చివర, పంక్తి ముగిసిందని తెలిపే అగోచరమైన గుర్తు ఒకటి ఉంటుంది. పేరుకు ఆ గుర్తు అతుక్కొని ఉంటే అది వేరొక మాటే. స్ట్రిప్ అన్న ఆజ్ఞ మాటకు రెండు అంచులలోను ఉన్న ఖాళీలను, ఇట్టి గుర్తులను తొలగిస్తుంది.

రెండవ కారణం ఉర్దూ వ్రాతకు సంబంధించినది. కంప్యూటరులో ప్రతి అక్షరానికి యూనికోడ్ అనే అంతర్జాతీయ పద్ధతి ప్రకారం ఒక సంకేత సంఖ్య ఉన్నది. ఉర్దూ, పారశీకాలలో వాడే 'యే' అక్షరం సంఖ్య 1740. అరబ్బీ 'యే' సంఖ్య 1610. మాట చివర వచ్చినప్పుడు అరబ్బీ అక్షరం క్రింద రెండు చుక్కలుంటాయి, ఉర్దూ అక్షరానికి ఉండవు. మాట నడుమ వచ్చినప్పుడు రెండూ ఒక్క రూపమే. సలీం అన్న పేరులో ఈ అక్షరం నడుమనే వస్తుంది. ఒక జాబితాను ఉర్దూ కీబోర్డు అమరికతోను, రెండవదానిని అరబ్బీ అమరికతోను టైపు చేసి ఉంటే మన కళ్ళకు ఒకే సలీం, యంత్రానికి ఇద్దరు సలీంలు. పోల్చడానికి ముందు ఒక రూపాన్ని రెండవ రూపంలోకి మార్చుకొనడమే దీనికి మార్గం.

మూడవది తెలుగులో వచ్చేది. పొల్లు అక్షరం తరువాతి అక్షరంతో సంయుక్తం కాకుండా నిలిపేందుకు టైపు చేసేటప్పుడు కనబడని గుర్తు ఒకటి వాడతారు. దాని సంఖ్య 8204. 'సలీమ్' అని పొల్లుతో ముగించి ఆ గుర్తును చేర్చినా, చేర్చకపోయినా తెరమీద మాట ఒకే తీరుగా ఉంటుంది. స్ట్రిప్ ఆజ్ఞ దీనిని ఖాళీగా పరిగణించదు కావున తొలగించదు. ఇట్టి సందేహం కలిగినప్పుడు ఆర్డ్ అన్న ఆజ్ఞతో ఒక్కొక్క అక్షరం సంకేత సంఖ్యను అచ్చు వేయించి చూస్తే దొంగ దొరుకుతాడు. యంత్రం లెక్కించేది ఈ సంకేతాలనే గాని మన అక్షరాలను కాదు. 'తెలుగు' అన్న మాటలో మనకు మూడక్షరాలు, పైథాన్‌కు ఆరు; 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, పైథాన్‌కు అదీ ఆరే.

వరుస కదిలినప్పుడు

మూడవ ఉదాహరణ. సున్నా మార్కులను జాబితానుండి తీసివేయాలి. జాబితా 0, 0, 45. ఒక్కొక్క స్థానాన్ని చూస్తూ సున్నా ఉంటే తొలగించమని వ్రాస్తే చివరకు 45 ఒక్కటే మిగలాలి. కాని 0, 45 మిగులుతాయి. రేషను దుకాణం ముందు వరుసను తలచుకొంటే కారణం తెలుస్తుంది. మొదటి మనిషిని పంపివేయగానే రెండవ మనిషి ఒక అడుగు ముందుకు జరిగి మొదటి స్థానంలో నిలుస్తాడు. తనిఖీదారు మాత్రం రెండవ స్థానం వద్దకు నడుస్తాడు. జరిగిన మనిషి తనిఖీ లేకుండానే తప్పించుకొంటాడు. కావున నడుస్తున్న వరుసనుండి తొలగించరాదు. ఉంచవలసినవారితో క్రొత్త జాబితా తయారు చేసుకోవాలి.

ఎట్లా అడగాలి?

పై మూడు ఉదాహరణలలోను కారణం తెలిసిన తరువాత చికిత్స ఒకటి రెండు పంక్తులే. కష్టమంతా కారణం వద్దకు చేరడంలో ఉన్నది. అక్కడికి చేర్చేది సరియైన ప్రశ్న.

'నా ప్రోగ్రాము పనిచేయడం లేదు, దయచేసి చెప్పండి' అన్నది వైద్యుని వద్దకు వెళ్ళి 'ఒంట్లో బాగాలేదు' అని ఊరుకొనడం వంటిది. నొప్పి ఎక్కడ, ఎప్పటినుండి, ఏమి తిన్న తరువాత అన్నవి చెప్పనిదే మందు వ్రాయడం ఎట్లా? ప్రోగ్రాము విషయంలోను చెప్పవలసినవి కొన్ని ఉన్నవి. ఏ పని సాధించదలచినది, ఏ విలువలు ఇచ్చినది, ఏ జవాబు రావలసింది, ఏ జవాబు వచ్చినది, దోష సందేశం ఉంటే ఒక్క అక్షరం మార్చకుండా అది, పైథాన్ ఎన్నవ రూపం వాడుతున్నది తెలపాలి. అన్నిటికంటె ముఖ్యంగా, దోషాన్ని చూపగల అతి చిన్న ప్రోగ్రామును జతచేయాలి. రెండు వందల పంక్తులలో దోషానికి సంబంధం లేనివాటిని ఒక్కొక్కటిగా తీసివేస్తూ, తీసిన ప్రతిసారి నడిపి చూస్తూ పోతే చివరకు ఐదారు పంక్తులు మిగులుతాయి. ఒక పంక్తి తీయగానే దోషం మాయమైతే ఆ పంక్తి వద్దనే వెదకాలి.

సరియైన ప్రశ్నకు ఒక మచ్చు చూడండి: 'నేను పైథాన్ 3.12 వాడుతున్నాను. ఫైలులోని మార్కులలో గరిష్ఠం కావాలి. మూడు మార్కులతో చిన్న ఉదాహరణ చేశాను: 35, 98, 100. జవాబు 100 రావాలి, 98 వచ్చింది. దోష సందేశం ఏదీ లేదు. జాబితాను అచ్చు వేయిస్తే ప్రతి మార్కుకు ఇరువైపులా కొటేషను గుర్తులు కనబడుతున్నవి. ఇవి ఎందుకు వచ్చినవి?' ఈ ప్రశ్న వ్రాసినవాడు జవాబుకు అడుగు దూరంలో ఉన్నాడు. పలుమార్లు ఇట్లా వ్రాస్తూ ఉండగానే జవాబు తట్టి, అడగవలసిన అవసరమే లేకపోతుంది. ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ 1999లో ప్రచురించిన 'ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్' అన్న గ్రంథంలో, బల్లమీద ఒక రబ్బరు బాతు బొమ్మను పెట్టుకొని ప్రోగ్రామును పంక్తి పంక్తి దానికి వివరించే పద్ధతిని పేర్కొన్నారు. బాతు జవాబు చెప్పదు. వివరించేవాడే తన దోషాన్ని తాను వింటాడు. ఆ వివరణ ఆంగ్లంలో ఉండనక్కరలేదు. తెలుగులో చెప్పుకొన్నా, ఉర్దూలో చెప్పుకొన్నా ఫలితం ఒకటే.

ఎట్లా సాయపడాలి?

అడిగేవానికి ధర్మం ఉన్నట్లే చెప్పేవానికీ ఉన్నది. తోటి విద్యార్థి సాయం కోరగానే కీబోర్డు లాగుకొని, రెండు నిముషాలలో దిద్ది ఇచ్చివేయడం ఉపకారంగా కనబడుతుంది. ఆ పూటకు ప్రోగ్రాము నడుస్తుంది. మరునాడు అదే దోషంతో ఆ విద్యార్థి మళ్ళీ వస్తాడు. 'సందేశం చివరి పంక్తిలో ఏమున్నది? ఆ విలువ ఏ జాతిదో అచ్చు వేయించి చూశావా?' అని అడిగి, కీబోర్డు అతని చేతిలోనే ఉంచినవాడు నిజమైన ఉస్తాద్. ఇంత చిన్న సంగతి తెలియదా అన్న మాట మాత్రం ఎన్నడూ అనరాదు. ఆ ఒక్క మాటతో నోరు మూసుకొన్న విద్యార్థి తన మౌనదోషాలను గూడా మౌనంగానే దాచుకొంటాడు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట మనుష్యుని వలె బదులిచ్చే సాధనాలు సామాన్యులకూ అందుబాటులోకి వచ్చినవి. ఏ వేళనైనా, ఎన్నిసార్లయినా విసుగు లేకుండా అవి జవాబిస్తాయి. బిడియపడే విద్యార్థికి ఇది మేలే. అయితే అస్పష్టమైన ప్రశ్నకు అస్పష్టమైన జవాబే వాటినుండి కూడా వస్తుంది. తప్పు జవాబును సైతం అవి ఎంతో ధీమాగా చెప్పగలవు. కావున జవాబు మనిషి ఇచ్చినా, యంత్రం ఇచ్చినా, ఫలితం ముందే తెలిసిన మూడు నాలుగు చిన్న విలువలతో పరీక్షించి చూడనిదే నమ్మరాదు. 35, 98, 100 అన్న మూడు అంకెలతో చేసిన పరీక్ష ఒక విద్యార్థివేతనాన్ని కాపాడగలదు.

కళాశాల పాలకవర్గానికి ఒక మనవి. కంప్యూటరు ప్రయోగశాలలో ఒక సందేహాల పుస్తకం ఉంచితే బాగుంటుంది. ఎదురైన సమస్య, వచ్చిన సందేశం, తేలిన కారణం, చేసిన చికిత్స అనే నాలుగు గడులు అందులో ఉండాలి. విద్యార్థులు తమకు వచ్చిన భాషలో, తెలుగులోనో ఉర్దూలోనో, దానిని నింపాలి. దీనికి ఖర్చు ఒక నోటుపుస్తకం వెల. ఒక సంవత్సరం విద్యార్థులు పడిన పాట్లు మరుసటి సంవత్సరం వచ్చేవారికి పాఠాలవుతాయి.

జవాబు అన్న మాట మన రెండు భాషలకూ ఉమ్మడి సొత్తు. సవాల్ అన్న మాట కూడా ఉమ్మడిదే గాని, ఉర్దూలో దానికి ప్రశ్న అని అర్థం. తెలుగులోకి వచ్చేసరికి అది ఎదిరించి పిలిచే సవాలైనది. మన తరగతులలో ఆ మాటను ఉర్దూవారి అర్థంలోనే వాడుకొందాం. సందేహం కలిగినవాడు తలవంచుకోకుండా అడగాలి; తెలిసినవాడు చిన్నబుచ్చకుండా చెప్పాలి. అప్పుడే సలీం పేరు జాబితాలో నిలుస్తుంది, నూటికి నూరు తెచ్చుకొన్నవానికి న్యాయం జరుగుతుంది.